చిత్తూరు ఐస్‌క్రీమ్ యూనిట్‌కు మలేసియా ఎమల్సిఫైయర్: ఆర్డరు నుంచి మిక్స్ ట్యాంకు దాకా

చిత్తూరు శివార్లలోని ఒక ఐస్‌క్రీమ్ యూనిట్ కేసు ఇది. రోజుకు సగటున 16 టన్నుల మిక్స్ తయారవుతుంది. ఐస్‌క్రీమ్‌లో గాలి నిలిచేందుకు వేసే ఎమల్సిఫైయర్ మోతాదు 0.2 శాతం, అంటే రోజుకు 32 కిలోలు. 300 పనిదినాలకు లెక్కేస్తే 9.6 టన్నులు. అప్పటిదాకా చెన్నై హోల్‌సేల్ వ్యాపారుల దగ్గర అవసరమైనప్పుడల్లా తెచ్చుకునేవారు. బిల్లు మీద ఎప్పుడూ ‘జీఎంఎస్’ (గ్లిసరాల్ మోనోస్టియరేట్) అనే ఉండేది. ఒక నెల ఓవర్‌రన్ (గాలి కలవడం వల్ల పెరిగే పరిమాణం) 100 శాతం సులువుగా అందేది, ఇంకో నెల అదే ఫ్రీజర్, అదే సెట్టింగ్, 85 దగ్గర ఆగిపోయేది. ఫ్రీజర్ బ్లేళ్లు మార్చారు, మిక్స్‌ను కొన్ని గంటలు చల్లగా ఉంచే ఏజింగ్ ట్యాంకు చిల్లింగ్ చూశారు, పాల పొడి సరఫరాదారుతో తగాదా పడ్డారు. ఏదీ కుదరలేదు.

అసలు కారణం పాత బస్తాల నుంచి తీసి దాచిన నమూనాలను ల్యాబ్‌కు పంపితే బయటపడింది. జీఎంఎస్ పేరుతో వచ్చినవి నిజానికి రెండు వేర్వేరు సరుకులు. కొన్ని లాట్లలో అసలు పనిచేసే మోనోగ్లిసరైడ్ 40 శాతం చుట్టూ ఉంది. మిగతాది డై, ట్రై గ్లిసరైడ్లు. కొన్నింట్లో 90 శాతం పైన ఉంది, అంటే అది డిస్టిల్డ్ మోనోగ్లిసరైడ్, డీఎంజీ. రెండూ ఆహార సంకలితాల అంతర్జాతీయ సంఖ్య ఐఎన్ఎస్ 471 కిందికే వస్తాయి, రెండూ చట్టబద్ధమే. కానీ 0.2 శాతం వేసినప్పుడు మొదటి రకంతో మిక్స్‌లోకి చేరే అసలు మోనో 0.08 శాతం, రెండో రకంతో 0.18 శాతం. సగానికి సగం కంటే ఎక్కువ తేడా. ఫ్రీజర్‌ను ఎన్నిసార్లు సర్దితే మాత్రం ఏం లాభం?

దాంతో ఒకే తయారీదారు నుంచి, ఒకే స్పెసిఫికేషన్‌తో, ఏడాదికొక 20 అడుగుల కంటైనర్ నేరుగా దిగుమతి చేసుకోవాలని యాజమాన్యం నిర్ణయించింది. 25 కిలోల బస్తాలు 400, పది ప్యాలెట్లు, 10 టన్నులు. మలేసియా సరుకు, చెన్నై రేవు.

ఇక్కడే ఒక మాట. ఏడాదికి మూడు నాలుగు టన్నులు వాడే యూనిట్ దిగుమతి జోలికి పోకపోవడమే మేలు. మోనోగ్లిసరైడ్లు మన దేశంలోనూ తయారవుతాయి. కంటైనర్ నిండా తెచ్చుకుని రెండున్నరేళ్లు వాడదామనుకుంటే, 24 నెలల గడువు మధ్యలోనే ముగిసిపోతుంది. గడువు లోపలే ఉన్నా, వేడి గోదాములో పడి ఉన్న పొడికి మొదటి రోజున్న చురుకు ఉండదు. సమస్య లాటు లాటుకూ తేడాయే అయితే, దేశీయ తయారీదారుకే గట్టి స్పెసిఫికేషన్ రాసిచ్చి కొనడం చవక.

స్పెసిఫికేషన్: కాగితం మీద ఏం రాశారు

‘ఫుడ్ గ్రేడ్ ఐఎన్ఎస్ 471’ అని రాసి ఆర్డరు పెడితే ఏదైనా రావచ్చు. ఎఫ్ఏఓ-డబ్ల్యూహెచ్ఓ సంయుక్త నిపుణుల కమిటీ జెక్ఫా ఈ పదార్థానికి పెట్టిన హద్దులు చాలా వెడల్పు: యాసిడ్ వాల్యూ (విడిపోయి ఉన్న కొవ్వు ఆమ్లాల కొలత) 6 మించకూడదు, ఫ్రీ గ్లిసరాల్ 7 శాతం లోపు, నీరు 2 శాతం లోపు, సబ్బు సోడియం ఓలియేట్ లెక్కన 6 శాతం లోపు, సీసం కిలోకు 2 మిల్లీగ్రాముల లోపు. ఇవి తినడానికి పనికొస్తుందా అని చెప్పే హద్దులు. ఫ్రీజర్‌లో పనిచేస్తుందా అని చెప్పవు.

అందుకే కొనుగోలు స్పెసిఫికేషన్ వేరుగా రాశారు. మొత్తం మోనోఎస్టర్ 90 శాతానికి తగ్గకూడదు, గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిలో. ఫ్రీ గ్లిసరాల్ 1 శాతం లోపు. యాసిడ్ వాల్యూ 3 లోపు. అయోడిన్ వాల్యూ (అసంతృప్త కొవ్వు కొలత) 3 లోపు, అంటే పూర్తిగా హైడ్రోజనేట్ చేసిన పామ్ కొవ్వు నుంచి వచ్చినది. కరిగే ఉష్ణోగ్రత 64 నుంచి 70 డిగ్రీలు. ట్రాన్స్ కొవ్వు 1 శాతం లోపు. సబ్బు కలిపిన ‘సెల్ఫ్ ఎమల్సిఫైయింగ్’ రకం పంపకూడదని ప్రత్యేకంగా రాశారు. ఆ రకం క్రీములకు, లోషన్లకు ఎక్కువగా పోతుంది, వ్యాపారుల గోదాముల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ట్రాన్స్ కొవ్వు గురించి ఎందుకంటే, 2022 జనవరి 1 నుంచి నూనెలు, కొవ్వులు వాడి తయారు చేసే ఆహారంలో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు, మొత్తం కొవ్వులో 2 శాతం మించకూడదు. పూర్తిగా హైడ్రోజనేట్ అయిన కొవ్వులో ట్రాన్స్ దాదాపు మిగలదు. పాక్షికంగా చేసినదాంట్లోనే బెడద. 0.2 శాతం మోతాదులో దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు గానీ, సరఫరాదారు పాక్షిక హైడ్రోజనేషన్ కొవ్వు వాడుతున్నాడా అనేది ఈ ఒక్క అంకెతో తెలిసిపోతుంది.

చిక్కదనమిచ్చే గమ్స్ కూడా కలిపేసిన రెడీమేడ్ బ్లెండ్ కొనమని సరఫరాదారు గట్టిగానే అడిగాడు. వద్దనడం సరైన నిర్ణయం. ప్రపంచానికి గోరుచిక్కుడు గమ్ పంపేదే మన రాజస్థాన్, గుజరాత్ వైపు; దాన్ని మలేసియాలో కలిపించి ఓడ బాడుగ కట్టి వెనక్కి తెచ్చుకోవడమేమిటి? పైగా బ్లెండ్‌లో అయిదు పదార్థాలుంటే ఆ అయిదూ ఐస్‌క్రీమ్ కేటగిరీలో అనుమతి ఉన్నవేనని చూపాలి. ఒక్కటి తేడా వచ్చినా కంటైనర్ మొత్తం ఆగుతుంది.

మొక్కా, జంతువా

ఈ కేసులో ఎక్కువ ఉత్తరాలు నడిచింది దీని మీదే. మోనోగ్లిసరైడ్‌ను కొవ్వునీ గ్లిసరిన్‌నీ క్షారంతో వేడి చేసి తయారు చేస్తారు, తర్వాత శూన్యంలో డిస్టిల్ చేస్తారు. కొవ్వు పామ్ కావచ్చు, పశువుల కొవ్వూ కావచ్చు. ఐఎన్ఎస్ సంఖ్య ఒకటే. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత, జంతు మూలం ఎంత తక్కువ శాతమైనా ఆ పదార్థం మాంసాహారమేనన్నది తయారీదారులందరికీ స్పష్టమైంది. ‘0.2 శాతమే కదా’ అన్న వాదనకు చోటు లేదు. ఇక తిరుమల లడ్డూ నెయ్యి మీద 2024 సెప్టెంబరులో వివాదం చెలరేగాక, చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో హోటళ్లకు, క్యాంటీన్లకు సరుకు వేసే ఎవరినైనా కొవ్వు ఎక్కడిదని అడుగుతున్నారు. అడగడం సబబే.

సరఫరాదారు మొదట హలాల్ సర్టిఫికెట్ పంపి చేతులు దులుపుకున్నాడు. హలాల్ అంటే శాకాహారమని కాదు. హలాల్ పద్ధతిలో కోసిన పశువు కొవ్వూ హలాలే. రెండో ఉత్తరంలో ‘పామ్ బేస్డ్’ అని రాశాడు. అదీ చాలదు, ఎందుకంటే అది కొవ్వు గురించి మాత్రమే. గ్లిసరిన్ ఎక్కడిదో చెప్పదు. చివరికి తీసుకున్న డిక్లరేషన్‌లో నాలుగు విషయాలున్నాయి: కొవ్వు మూలం పామ్, గ్లిసరిన్ మూలం మొక్క, అదే లైన్ మీద జంతు కొవ్వు నడపరు, పై మూడూ ఈ లాట్ నంబరుకు వర్తిస్తాయి. లాట్ నంబరు లేని డిక్లరేషన్ గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ల్యాబ్‌లో సరిచూసుకునే దారి పూర్తిగా లేకపోలేదు. హైడ్రోజనేట్ చేసి డిస్టిల్ చేశాక డీఎన్ఏ పరీక్షకు ఏమీ మిగలదు. కానీ కొవ్వు ఆమ్లాల చిట్టా కొంత చెబుతుంది. పూర్తిగా హైడ్రోజనేట్ చేసిన పామాయిల్‌లో పామిటిక్ 44 శాతం, స్టియరిక్ 54 శాతం దరిదాపుల్లో ఉంటాయి. పశువుల కొవ్వులో 17 కార్బన్ల మార్గరిక్ ఆమ్లం 1 నుంచి 2 శాతం ఉంటుంది, పామ్‌లో 0.1 శాతం దగ్గర. హైడ్రోజనేషన్ ఈ బేసి సంఖ్య ఆమ్లాన్ని మాయం చేయలేదు. చిట్టాలో సీ17 శాతానికి చేరుకుంటుంటే లాట్ పక్కన పెట్టి ప్రశ్నించాలి. ఇది రుజువు కాదు, అనుమానించడానికి ఆధారం. అయినా సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్‌లో ఈ చిట్టా అడిగి తెప్పించుకోవడానికి ఖర్చేమీ లేదు.

బస్తా మీద అచ్చు

రేవుకు చేరాక స్టిక్కర్‌తో సరిదిద్దుకోగలిగేవి చాలా తక్కువ. 2017 దిగుమతి నియమాల ప్రకారం దిగుమతిదారు పేరు, చిరునామా. ఎఫ్ఎస్ఎస్ఏఐ లోగో, లైసెన్సు నంబరు. శాకాహార, మాంసాహార గుర్తు. ప్రమాణం నిర్దేశించని (ప్రొప్రైటరీ) ఆహారమైతే దాని కేటగిరీ, సాధారణ నామం, స్వభావం, కూర్పు. ఇంతే. వీటిని కస్టమ్స్ బాండెడ్ గోదాములో, ఊడిరాని ఒకే స్టిక్కర్‌గా వేసుకోవచ్చు. తేదీలు, లాట్ నంబరు, నికర బరువు, పదార్థాల వివరాలు తయారీదారు అచ్చు వేసి పంపాల్సిందే. అవి లోపిస్తే పరిశీలన దశలోనే తిరస్కరణ, నమూనా కూడా తీయరు.

అందుకే అడ్వాన్సు చెల్లించే ముందు బస్తా ఆర్ట్‌వర్క్ తెప్పించుకున్నారు. అందులో తయారీ తేదీ పక్కన ‘రీటెస్ట్ డేట్’ అని ఉంది. రసాయనాల వ్యాపారంలో ఇది మామూలు. ఫలానా తేదీకి మళ్లీ పరీక్షించి వాడుకోవచ్చని దాని అర్థం. ఆహార లేబులింగ్ నియమాలు అడిగేది ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీ. ‘సార్, చెన్నైలో స్టిక్కర్ వేసేద్దాం’ అన్నాడు క్లియరింగ్ ఏజెంట్. వేయకూడదు. తేదీ మీద స్టిక్కర్ వేస్తే లోపం సరిదిద్దడం కాదు, తేదీ మార్చినట్టే లెక్క. సరఫరాదారు ఇంక్‌జెట్ ప్రోగ్రాంలో ఆ ఒక్క మాట మార్చి కొత్త ఫొటో పంపాడు. ఆ దశలో దానికి పైసా ఖర్చు కాలేదు.

బస్తా మీద చివరికి ఉన్నవి: పదార్థం పేరు, ఐఎన్ఎస్ సంఖ్య, ఆహారంలో వాడకానికని సూచించే మాట, తయారీదారు పేరు, చిరునామా, తయారైన దేశం, లాట్, రెండు తేదీలు, నికర బరువు, చిల్లర అమ్మకానికి కాదనే మాట, ఆకుపచ్చ గుర్తు, దిగుమతిదారు వివరాలు, లైసెన్సు నంబరు. స్టిక్కర్‌కు వదిలేయగలిగినవీ అచ్చులోనే వేయించారు. 400 బస్తాల ప్యాలెట్ల చుట్టూ చుట్టిన ప్లాస్టిక్ విప్పి, స్టిక్కర్లు అంటించి, మళ్లీ చుట్టించడం ఎంత తలనొప్పో చేసినవాళ్లకు తెలుసు. పీపీ (ప్లాస్టిక్) బస్తా మీద దుమ్ముంటే స్టిక్కర్ నిలవదు కూడా.

తూనికలు కొలతల నియమాల్లో ఒక చిన్న మెలిక ఉంది. మినహాయింపు 25 కిలోలు ‘దాటిన’ ప్యాకెట్లకు. సరిగ్గా 25 కిలోల బస్తాకు ఆ మినహాయింపు వర్తించదు. పారిశ్రామిక వినియోగదారుకు ఉద్దేశించిన సరుకన్న మినహాయింపు వేరుగా ఉంది, దాని మీదే ఆధారపడాలి. చిల్లర అమ్మకానికి కాదనే మాటను పెద్ద అక్షరాల్లో వేయించింది అందుకే.

మిగిలిన గడువు నియమాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. దిగుమతి నాటికి 60 శాతం గడువైనా ఉండాలి, లేదా మూడు నెలలైనా, రెండింట్లో ఏది తక్కువైతే అది. 24 నెలల సరుకుకు 60 శాతమంటే 14 నెలల పైమాటే. మూడు నెలలే తక్కువ, కాబట్టి చట్టానికి మూడు నెలలు చాలు. ఏజెంటు 60 శాతం తప్పనిసరి అని భయపెడితే భయపడక్కర్లేదు. కానీ ఏడాది పొడవునా వాడే యూనిట్‌కు పాత సరుకెందుకు? ఓడ ఎక్కే నాటికి తయారై 60 రోజులు దాటకూడదని కొనుగోలు ఒప్పందంలోనే రాశారు.

లైసెన్సు, కోడ్, సుంకం

తయారీ లైసెన్సు ఉంది కదా, దిగుమతికి అదే చాలదా అని యాజమాన్యం అడిగింది. చాలదు. సొంత వాడకానికైనా సరే, దిగుమతిదారు హోదాలో సెంట్రల్ లైసెన్సు ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫాస్కాస్ పోర్టల్‌లో తీసుకోవాలి, అదీ ఐఈసీ (దిగుమతి ఎగుమతి కోడ్) మీదున్న చిరునామాకు. ఇక్కడ ఐఈసీలో పాత రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఉంది, లైసెన్సు దరఖాస్తులో ఫ్యాక్టరీ చిరునామా రాశారు. ముందు ఐఈసీ సవరించుకుని తర్వాత దరఖాస్తు చేశారు. విదేశీ చెల్లింపులు చూసే బ్యాంకు ఏడీ కోడ్‌ను చెన్నై రేవుకు కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో నమోదు చేయించడం కూడా ఈలోపే కావాలి.

సుంకం కోసం సరుకును వర్గీకరించే హెచ్ఎస్ కోడ్ దగ్గర నిజమైన చిక్కు ఉంది. మన టారిఫ్‌లో 2915 70 30 కింద గ్లిసరాల్ మోనోస్టియరేట్ అని పేరుతోనే ఉంది, ఏజెంట్లు అలవాటుగా అదే వేస్తారు. కానీ 29వ అధ్యాయం మొదటి నోటు ప్రకారం అక్కడికి వచ్చేవి విడిగా నిర్వచించగల ఏకైక రసాయనాలు. పామిటిక్, స్టియరిక్ మోనోఎస్టర్లు కలగలిసి, కాస్త డైగ్లిసరైడ్ కూడా ఉన్న సరుకు ఆ నిర్వచనంలో ఇమడదన్న వాదన బలమైనది. కొవ్వు ఆమ్లాల మిశ్రమ గ్లిసరాల్ ఎస్టర్లకు మైనం లక్షణముంటే 3404, లేకపోతే 3824 అని హెచ్ఎస్ వివరణలు చెబుతాయి. ఏది వేసినా తర్వాత ఆడిట్‌లో ప్రశ్న రావచ్చు. ఏటా తెచ్చుకునేవారు కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ (ముందస్తు నిర్ణయం) తీసుకోవడమే సరైన దారి. అది లేనప్పుడు కనీసం ఇన్వాయిస్, ఆరిజిన్ సర్టిఫికెట్, కస్టమ్స్‌కు దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ మూడింట్లోనూ మొదటి ఆరు అంకెలు ఒకటే ఉండాలి. ఈ కేసులో సరఫరాదారు 3824 వేశాడు, ఏజెంటు 2915 తయారుచేశాడు. బిల్ దాఖలు చేయకముందే పట్టుబడింది కాబట్టి సరిపోయింది.

ఆసియాన్ ఒప్పందం కింద సుంకం రాయితీకి ఫారం ఏఐ (సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్) ఉంటే చాలనుకోవడం 2020 సెప్టెంబరు 21తో ముగిసింది. అప్పటి నుంచి అమల్లో ఉన్న క్యారోటార్ నియమాల కింద, సరుకు నిజంగా ఆ దేశానిదేనని చెప్పే సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి: తయారీ విధానం, ముడిసరుకు ఎక్కడిది, 35 శాతం స్థానిక విలువ ఎలా వచ్చింది, టారిఫ్ ఉపశీర్షిక ఎలా మారింది. సరఫరాదారు ఖర్చుల వివరాలు ఇవ్వడానికి బిగుసుకున్నాడు. మొదటి కంటైనర్‌కు రాయితీ అడగకుండా పూర్తి సుంకం కట్టారు. అడిగి, ఆధారం చూపలేక, వడ్డీతో కట్టడం కంటే ఇదే నయం.

దాని విలువెంతో లెక్క చూద్దాం. మూల సుంకం 7.5 శాతం అనుకుంటే, లక్ష రూపాయల విలువకు సుంకం 7,500, దాని మీద పది శాతం సామాజిక సంక్షేమ సర్‌చార్జి 750. మొత్తం 1,08,250 మీద 18 శాతం ఐజీఎస్టీ 19,485. చేతి నుంచి పోయేది 27,735. ఐజీఎస్టీ క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి రాయితీ లేకపోవడం వల్ల నికర నష్టం లక్షకు 8,250. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీమ్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేది 18లో, అమ్మేది 5లో. క్రెడిట్ పేరుకుపోతుంది, ఇన్వర్టెడ్ డ్యూటీ రీఫండ్ దరఖాస్తు పెట్టుకోకపోతే ఆ డబ్బు పుస్తకాల్లోనే ఉండిపోతుంది. కంటైనర్‌కు డబ్బు సర్దేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

బిల్ ఆఫ్ ఎంట్రీ ఓడ రావడానికి ముందు రోజు లోపే దాఖలు చేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000. అది సింగిల్ విండో ద్వారా ఎఫ్ఎస్ఎస్ఏఐ క్లియరెన్స్ వ్యవస్థకు చేరుతుంది. కాగితాలు చూశాక పరిశీలనకు సమయం ఇస్తారు, రెండు భాగాలుగా నమూనా తీస్తారు: ఒకటి ల్యాబ్‌కు, ఒకటి అప్పీలు అవసరమైతే వాడటానికి. ల్యాబ్‌కు అయిదు రోజుల గడువుంది. ఆ రోజులన్నీ కంటైనర్ సీఎఫ్ఎస్ (కంటైనర్ ఫ్రైట్ స్టేషన్) యార్డులోనే ఉంటుంది.

యార్డులో ఎండ

మొదటి కంటైనర్ మే నెలలో దిగింది. కాగితాల్లో ఏ లోపమూ లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చింది, ఈ-వే బిల్లుతో లారీ రాణిపేట మీదుగా చిత్తూరు చేరింది. తలుపు తీస్తే పై వరుస బస్తాలు ఇటుకల్లా గట్టిపడి ఉన్నాయి.

మే ఎండలో ఇనుప కంటైనర్ పైకప్పు కింద ఉష్ణోగ్రత 60 డిగ్రీల దరిదాపుకు పోతుంది. ఈ పొడి కరిగేది 64 దగ్గర. కరగక్కర్లేదు, గింజలు అంచుల్లో మెత్తబడి, పై బస్తా బరువుకు ఒకదానికొకటి అతుక్కుంటే చాలు. కింది వరుసలు పొడిగానే ఉన్నాయి. యాజమాన్యం సరుకు పాడైందని క్లెయిమ్ పెట్టబోయింది.

గడ్డల నుంచి, పొడి నుంచి విడివిడిగా నమూనా తీసి ఫ్యాక్టరీ ల్యాబ్‌లోనే యాసిడ్ వాల్యూ చూశారు. 5 గ్రాములు తటస్థీకరించిన వేడి ఆల్కహాల్‌లో కరిగించి, ఫినాల్ఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్. 2.2 మిల్లీలీటర్లు పట్టింది: 56.1 × 0.1 × 2.2 ÷ 5, అంటే 2.47. రెండింట్లోనూ దాదాపు అంతే, సర్టిఫికెట్‌లో ఉన్నదానికి దగ్గరే. తర్వాత 5 గ్రాములు 95 మిల్లీలీటర్ల 70 డిగ్రీల నీళ్లలో కలిపి చూశారు. రెండూ గడ్డలు లేని తెల్లటి ద్రవంగా విడివడ్డాయి, చల్లారాక మెత్తటి జెల్ కట్టాయి. రసాయనంగా ఏమీ కాలేదు, రూపం మాత్రమే చెడింది.

రూపం చెడితే వాడే పద్ధతి మార్చుకోవాలి. 50 డిగ్రీల మిక్స్‌లోకి పొడిని నేరుగా చల్లే అలవాటు గడ్డలకు పనికిరాదు. అవి కరగకుండా కొవ్వు బిందువులను చిన్నవి చేసే హోమోజనైజర్ ముందున్న ఫిల్టర్‌లో చేరతాయి, అంటే వేసిన మోతాదు మిక్స్‌కు చేరదు. అందుకని గట్టిపడ్డ సరుకును వెన్నతో పాటు 75 డిగ్రీల్లో పూర్తిగా కరిగించి, ఆ కొవ్వును మిక్స్‌లోకి వదిలారు. సజావుగా నడిచింది. మామూలు పొడికీ ఇదే మంచి పద్ధతని తేలి, ఇప్పుడు అన్ని బ్యాచ్‌లకూ ఇదే.

ఫ్రీజర్ దగ్గర

ఎమల్సిఫైయర్ అనగానే కొవ్వును, నీటిని కలిపి ఉంచేదని అనుకుంటారు. ఐస్‌క్రీమ్‌లో దాని పని దాదాపు తలకిందులు. పాలలోని కేసిన్ ఒక్కటే ఉంటే కొవ్వు బిందువులు బాగా స్థిరంగా ఉంటాయి, అంత స్థిరత్వం మనకు అక్కర్లేదు. మోనోగ్లిసరైడ్ బిందువు ఉపరితలం నుంచి కేసిన్‌ను కొంత పక్కకు నెడుతుంది. అప్పుడు ఫ్రీజర్‌లో చిలికేటప్పుడు బిందువులు ఒకదానికొకటి పాక్షికంగా అతుక్కుని గాలి బుడగల చుట్టూ అల్లుకుంటాయి. ఓవర్‌రన్ నిలిచేది, ఐస్‌క్రీమ్ గిన్నెలో వెంటనే కారిపోకుండా ఉండేది ఆ అల్లిక వల్లే. ఈ నెట్టడానికి సమయం కావాలి. పాశ్చరైజేషన్ తర్వాత 4 డిగ్రీల్లో కనీసం నాలుగు గంటల ఏజింగ్ అనేది అందుకే. సీజన్ ఒత్తిడిలో దాన్ని రెండు గంటలకు కుదిస్తే ఎంత ఖరీదైన ఎమల్సిఫైయర్ వేసినా వృథా.

0.15, 0.20, 0.25, 0.30 శాతాలతో వెనీలా మిక్స్ మీద ట్రయల్ చేశారు. హోమోజనైజర్ 70 డిగ్రీల్లో మొదటి దశ 150 బార్, రెండోది 35 బార్. పాశ్చరైజేషన్ 80 డిగ్రీలు, 25 సెకన్లు. గట్టిపరిచాక 100 గ్రాముల ముక్కను 25 డిగ్రీల గదిలో వైరు జల్లెడ మీద పెట్టి, పది నిమిషాలకొకసారి కారినదాన్ని తూచారు. 0.15తో ఫ్రీజర్ నుంచి తడిగా, మెరుస్తూ వచ్చింది, త్వరగా కారింది. 0.30తో ముక్క కారకుండా ఆకారం పట్టుకుని నిలబడింది; చూడ్డానికి బాగుంటుంది, నాలుక మీద మాత్రం జిడ్డు పొర, మధ్యమధ్య వెన్న రవ్వలు. 0.25కీ 0.20కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 0.20 ఖాయం చేశారు.

మామిడి రకానికి అదే మోతాదు, కానీ తోతాపురి గుజ్జు కలిపే చోటు మార్చారు. గుజ్జు పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. వేడి మిక్స్‌లో కలిపితే కేసిన్ ముద్దకడుతుంది, ఎమల్సిఫైయర్‌ను నిందిస్తారు. ఏజింగ్ అయిపోయాక, ఫ్రీజర్‌కు పంపే ముందు చల్లటి మిక్స్‌లో చల్లటి గుజ్జు కలపాలి.

మొక్కల కొవ్వు నుంచి వచ్చిన ఎమల్సిఫైయర్ వేస్తే ఐస్‌క్రీమ్ కాస్తా ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అయిపోతుందా అని కొందరు అడుగుతారు. కాదు. అది సంకలితం, పాల కొవ్వుకు బదులు వేసిన కొవ్వు కాదు. పాల ఆధారిత డెజర్ట్‌ల కేటగిరీలో ఐఎన్ఎస్ 471ను మంచి తయారీ పద్ధతికి అవసరమైనంత వాడుకోవచ్చు. కప్పు మీద పదార్థాల జాబితాలో ‘ఎమల్సిఫైయర్ (ఐఎన్ఎస్ 471)’ అని రాస్తే చాలు. పాత కప్పుల మీద సోయా లెసిథిన్ కూడా అచ్చయి ఉంది. ఇప్పుడు వాడటం లేదు కాబట్టి దాన్నీ, కింద ఉన్న సోయా అలెర్జీ హెచ్చరికనూ కొత్త ప్రింట్‌లో తీసేశారు.

నిల్వకు రేకుల షెడ్డు వదిలి, కోల్డ్ రూం పక్కన 30 డిగ్రీలు దాటని గది కేటాయించారు. ప్యాలెట్ మీద ప్యాలెట్ వేయరు. ప్రతి లాట్ నుంచి 500 గ్రాములు గాలి చొరని డబ్బాలో, గడువు ముగిసేదాకా ఉంచుతారు.

రెండో కంటైనర్‌కు మారిన ముఖ్య విషయం నెల. ఏప్రిల్ నుంచి జూన్ దాకా యార్డు ఎండ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. సంక్రాంతి వారంలో లారీలు దొరకవు, సీఎఫ్ఎస్‌లో హమాలీలు ఉండరు. మిగిలిన రోజుల్లో ఎంచుకున్నది జనవరి చివరి వారం, ఫిబ్రవరి మొదటి సగం. ఐస్‌క్రీమ్ సీజనుకూ సరిపోతుంది. మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ నుంచి ఓడకు వారం పది రోజులు, తయారీకి మూడు నాలుగు వారాలు, అంతకుముందు ఆర్ట్‌వర్క్, శాకాహార డిక్లరేషన్, క్యారోటార్ సమాచారం. వెనక్కి లెక్కేసుకుంటే కొనుగోలు ఆర్డరు నవంబరు మొదటి వారంలో వెళ్లాలి. ఆ మూడు కాగితాలూ చేతికి అందేదాకా అడ్వాన్సు పంపరు.